హన్మాండ్లు అన్న పేజీ

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు బ్యాటిల్ ఉందని సవిత రెండు రోజులుగా తన వీడియో యాప్ లైవ్‌లో చెబుతూ వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఆ రోజే సెలవు. నిజామాబాద్‌లో తాను అద్దెకుంటున్న ఒంటిగదిలో గోడకు చమ్కీ పరదా కట్టి, ఫోన్ స్టాండుకు బిగించి, రింగులైటు వేసుకునేసరికి తలుపు చప్పుడైంది.

గడప అవతల నలభై అయిదేళ్ల ఆడమనిషి. చేతిలో బస్సు కార్గో రసీదు. రాఖీ పండుగకు కోటగిరి నుంచి సవితకు బియ్యం బస్తా పంపిన రసీదు అది. దాని మీద ఈ ఇంటి అడ్రస్ ఉంది.

"హన్మాండ్లు పెండ్లాన్ని. నా పేరు వసంతమ్మ," అంది.

హన్మాండ్లు ఏడాదిగా సవిత లైవ్‌కు వస్తున్న చెరకు రైతు. డబ్బు పెట్టి కొనే బొమ్మల గిఫ్టులు అందరికంటే ఎక్కువ వేసేది ఆయనే. ఏదో ఒక రోజు ఎవరి భార్యో వచ్చి జుట్టు పట్టుకుంటుందని, వాడకట్టంతా చేరి చూస్తుందని సవిత చాలాసార్లు అనుకుంది. జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఇప్పుడు అదే చెప్పింది: తాను ఆయన్ను అన్నా అనే పిలుస్తానని, తప్పుడు మాట ఒక్కటి కూడా లేదని.

"నాకు ఎరికే," అంది వసంతమ్మ. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కెమెరాకు కనపడని మూలన చాప మీద కూర్చుంది. "నీ పని నువ్వు చేస్కో. నేనున్నట్టు ఆయనకు జెప్పకు."

పంపించేయడానికి సమయం లేదు. లైవ్‌లు చేయించి నెలనెలా డబ్బిచ్చే ఏజెన్సీ వాళ్లు పెట్టిన గిఫ్టుల టార్గెట్‌కు సవిత ఇంకా చాలా దూరంలో ఉంది. ఈ బ్యాటిల్ పోతే నెలంతా వాగిందానికి చేతికేమీ రాదు.

లైవ్ మొదలైంది. స్క్రీన్‌లో సగం సవిత, సగం కరీంనగర్ అమ్మాయి. పది నిమిషాల్లో ఎవరికి గిఫ్టులు ఎక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు. సవిత నవ్వింది. మస్కట్‌లో ఉన్న ఒకాయన్ను మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగింది. షార్జాలో ఉన్న డ్రైవర్‌ను బిడ్డ పరీక్షలు ఎలా రాసిందని అడిగింది. అడిగిన ప్రతివాడూ కరిగిపోయి ఏదో ఒకటి వేశాడు. మధ్యమధ్య ఆమె చూపు చాప మీదున్న నోట్‌బుక్ మీదికి పోయి వస్తోంది. అది వసంతమ్మ కనిపెట్టింది. చెయ్యి చాపి నోట్‌బుక్ తీసుకుంది.

సవిత లాక్కోలేకపోయింది. నాలుగు వందల మంది చూస్తున్నారు.

వసంతమ్మ ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పోయి ఒక చోట ఆగింది. అక్షరాల కింద వేలు పెట్టి చదవసాగింది. అక్కడ ఏముందో సవితకు చూడకుండానే తెలుసు. 'హన్మాండ్లు అన్న. కోటగిరి. చెరకు. కొడుకు రంజిత్, బండి యాక్సిడెంట్, పోయి రెండేండ్లు. కొడుకు మాట తీస్తే ఇస్తడు.' చివరి మాట కింద రెండు గీతలు.

వేలు ఆ గీతల దగ్గర ఆగిపోయింది. వసంతమ్మ తల ఎత్తలేదు.

ఇంకా నాలుగు నిమిషాలుందనగా కరీంనగర్ అమ్మాయికి ఎవరో అన్నిటికన్నా ఖరీదైన సింహం గిఫ్టు వేశారు. తెర మీద సవిత వైపు స్కోరు గీత సగానికి పడిపోయింది. అప్పుడే తెర మీద హన్మాండ్లు రాత కనపడింది: 'వచ్చిన చెల్లె. ఎంత గావాలె?'

ఈపాటికి అనాల్సిన మాట నాలుక చివరే ఉంది. రంజిత్ ఉంటే ఈ మేనత్తను ఓడిపోనిచ్చేవాడా అన్నా. పోయిన నెల ఆ ఒక్క మాటకే ఆయన కూడా సింహం వేశాడు. సవిత ఆ మాట అనలేదు. మైకు ఆపేసి మూలకు తిరిగింది.

"నన్నేం జేయమంటవ్ వదినె?"

"వదినె అనకు," అంది వసంతమ్మ. "అడుగు. పిలగాని మాట దీయి. ఇంట్ల రెండేండ్ల సంది వాని పేరు ఎత్తుతలేడు. నేను ఎత్తితే లేసి పొలం దిక్కు పోతడు. ఫోన్ల నీకు జెప్తుంటే వాని పేరు ఒకపారి ఇనవడ్డది. నీకేం జెప్తడో నేను ఇనాలె."

పైసల కోసం రాలేదని సవితకు అప్పుడు అర్థమైంది. లైవ్‌లో ఆయన ఏమీ చెప్పడని, విడిగా వాయిస్ మెసేజ్‌లు పెడతాడని చెప్పింది. అవి ఈ ఫోన్‌లోనే ఉన్నాయి. వినిపించాలంటే లైవ్ కట్ చేయాలి.

మూడు నిమిషాలుంది. కామెంట్లలో అక్కా మాట్లాడు, అక్కా ఏమైందని అడుగుతున్నారు. సవిత మైకు పెట్టింది. "హన్మాండ్లు అన్నా, ఇయ్యాల నువ్వేం ఎయ్యకు," అని లైవ్ ఆపేసింది.

స్టాండు నుంచి ఫోన్ తీసి వసంతమ్మ ఎదురుగా కూర్చుంది. పాత మెసేజ్ వెతికి నొక్కింది. హన్మాండ్లు గొంతు గదిలో వినపడింది.

"చెల్లె, ఆనాడు వాడు పోనన్నడు. మోటర్ స్టార్టర్ కాలిపోయింది, బోధన్ పోయి తీస్కరా అని నేనే గదిమి తోలిన. గీ మాట వసంతకు ఎట్ల జెప్పాలె?"

వసంతమ్మ మళ్లీ పెట్టమంది. రెండోసారి విన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పొద్దున ఇంకా లేవలేదని కొడుకును తానే తిట్టిందట. ఆ కోపానికే బండి తీసుకుని పోయాడని ఇన్నాళ్లూ అనుకుందట.

కళ్లు తుడుచుకుని, "గది ఇని నువ్వేమన్నవ్?" అని అడిగింది.

సవిత అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు, ఫోన్ ఆమె చేతికిచ్చింది. ఆ మెసేజ్ కింద ఒక ఏడుపు బొమ్మ ఉంది. దాని కింద సవిత రాసిన జవాబు: 'బాధపడకు అన్నా. సాయంత్రం లైవ్‌కు వస్తవు గదా.'

వసంతమ్మ అది చదివి సవిత మొహంలోకి చూసింది. సవిత తల దించుకుని తప్పయిందని అంది.

"ఆయన గోడు నువ్వన్న ఇన్నవ్," అంది వసంతమ్మ. "ఇని, రాసుకోకుంట ఊకుంటే అయిపోతుండె."

నోట్‌బుక్‌లోంచి ఆ పేజీ చింపుకుని, బోధన్ బస్సుకు టైమవుతోందని లేచింది. తానే ఫోన్ చేసి ఆయనకు చెప్పనా అని సవిత అడిగితే, వద్దు, నేను జెప్త అంది.

ఏజెన్సీ వాళ్లు సాయంత్రం ఫోన్ చేసి తిట్టారు. ఆ నెల డబ్బు రాలేదు. సవిత తల్లి దగ్గరకు పోయి బీడీలు చుట్టి అద్దె కట్టింది. పది రోజులకు హన్మాండ్లు నుంచి ఒక మెసేజ్ వచ్చింది: 'చెల్లె, ఇంట్ల మాట్లాడుకున్నం. ఇగ నేను రాను.' జవాబు రాయబోయి, మానేసింది.

లైవ్ మాత్రం మానలేదు. ఆమెకు తెలిసిన పని అదే. తరువాతి శుక్రవారం మస్కట్ ఆయన వచ్చి, భార్య అలిగి పుట్టింటికి పోయిందని రాయసాగాడు. రాసేకొద్దీ గులాబీ గిఫ్టులు పడుతున్నాయి. సవిత కాసేపు చూసింది. "అన్నా, గీ మాటలు ఈడ గాదు. వదినెకు ఫోన్ చెయ్యి," అంది.

ఆయనకు కోపమొచ్చింది. నీకు విలువ ఇచ్చి చెప్తే గిట్లంటవా అని రాసి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకొందరు పోయారు. మిగిలిన ముప్పై మందికి సవిత ఒక పాట ఎత్తుకుంది.