వేళ్లు మాట వినే గంట

కోడలికి కీళ్లవాతం వచ్చి చాలా ఏళ్లయింది. పొద్దున్నే వేళ్లు కొయ్యబారిపోతాయి. మధ్యాహ్నం మందు వేసుకున్నాక ఒక్క గంట మాత్రం మాట వింటాయి. ఆ గంట కాస్తా అంట్లకే సరిపోయేది, తను ఇష్టంగా వాయించే హార్మోనియం దుమ్ము కొట్టుకుపోయేది.

ఆరోజు అత్తగారే కొంగు బిగించి అంట్లన్నీ తోమేసింది. తీరా వచ్చి చూస్తే కోడలు హార్మోనియం ముందే ఒరిగి నిద్రపోతోంది. లేచేసరికి వేళ్లు మళ్లీ మొరాయించాయి.

"లేపొచ్చుగా అత్తయ్యా! గంటంతా బూడిదలో పోసిన పన్నీరైంది."

"అంత అలసిపోయి పడుకుంటే ఎలా లేపనే, తల్లీ?"

కోడలు అరచేత్తో హార్మోనియం తిత్తిని మెల్లగా ఊపింది.

"మెట్లు మీరు నొక్కండి."

"నేనా? గాడిద ఓండ్ర పెట్టినట్టుంటుంది!"

నొక్కితే నిజంగా అలాగే వచ్చింది. కోడలు కళ్లు మూసుకుని, "దాని పక్కది, అత్తయ్యా," అంది.