ఎప్పుడు మోగుతుందో

ఆ ఏడు మా మెట్ట చేలో గంటి కంకులు, అదే సజ్జ కంకులు, పాలు పోసుకున్నాయి. అంతకు ముందు రెండేళ్లూ పంటంతా చిలకలే తిన్నాయి. ఈసారీ తింటే నేను మళ్లీ నెల్లిమర్ల జూట్ మిల్లుకు పోవాల్సిందే. అక్కడ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు దగ్గాలో కూడా మిల్లు కూతే చెప్పేది. ఐదో తరగతిలో బడి మానేసినవాడికి అంతకన్నా మర్యాద ఎవడిస్తాడు?

మొదట గాలిచక్రం చేసి కిరసనాయిలు డబ్బా కట్టాను. టంగ్, టంగ్. చిలకలు రెండు రోజులు బెదిరాయి. తరవాత మోతకీ మోతకీ మధ్య దిగి తినడం నేర్చుకున్నాయి.

"మంచి మేళమే ఎట్టేవు బావా! సిలకలు తాళమేసుకుని మరీ తింటన్నాయి," అన్నాడు గట్టు మీంచి మా బావమరిది ఎల్లాజీ.

నవ్వడం తేలిక. కానీ ఆ మాటే నన్ను పట్టుకుంది. ఎప్పుడు మోగుతుందో నాకు తెలిస్తే చిలకకీ తెలుస్తుంది. నాకే తెలియకుండా మోగాలి.

కొత్తవలసలో కొత్త రైలు లైను వేసినప్పుడు మిగిలిన సన్నటి ఇనప కడ్డీలు తెచ్చాను. చక్రానికి ఒక కడ్డీ వేలాడదీసి, దాని కొసకి ఇంకోటి, ఆ కొసకి మరోటి కొక్కేలతో తగిలించాను. చిట్టచివర గూటం. చుట్టూ డబ్బాలు. ఇక అవి ఒకదాన్నొకటి లాక్కుంటూ, ఎగురుతూ, అలిగినట్టు ఆగుతూ ఎప్పుడో, ఏ డబ్బానో కొట్టేవి. పొద్దుటి మంచులో నీళ్లలో చేపల్లా కదిలేవి. ఇప్పుడు మోగుతుందనుకుంటే మోగేది కాదు. నేను చేసిందే, నన్ను అడగదు. ఎవడు నా మాట వినకపోయినా మండిపడేవాణ్ని, దాని మీద మాత్రం కోపం రాలేదు.

ఒక మధ్యాహ్నం గాలి పడిపోయింది. కడ్డీలు సన్నగా ఊగుతున్నాయి, డబ్బాలను తాకడం లేదు. పచ్చటి గుంపొకటి వచ్చి తాటిచెట్టు మీద వాలింది.

మా ఆవిడ దాలమ్మ తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏటలా సూస్తన్నావు? గూటానికి కట్టి లాగు!"

కట్టాను. చెయ్యి మాత్రం లేవలేదు. లాగితే మోగేది నా చెయ్యి. దాన్ని చిలకలు పూట తిరక్కుండా పట్టేస్తాయి.

"లాగను."

"నీ బొమ్మ ముద్దు కోసం మా నోట్లో మట్టి కొడతావేటి?"

"అరవకే. అవీ దాన్నే సూస్తన్నాయి."

నిజమే. చిలకలన్నీ మెడలు వంచి కడ్డీలనే చూస్తున్నాయి. మేమూ చూస్తున్నాం. ఎండ కరిగి కంకుల మీంచి జారుతున్నట్టుంది. ఒక చిలక దిగి, కంకి మీద కాలు ఆనించబోయి, గాల్లోనే తిరిగి వెళ్లిపోయింది. గూటం డబ్బా అంచుదాకా వచ్చింది, తాకలేదు. ఉన్నట్టుండి గుంపంతా లేచి చంపావతి ఏటి ఇసకల వైపు పోయింది.

"మోగనే లేదు గదా!" అంది దాలమ్మ.

కాసేపటికి తనే వెళ్లి ముడి విప్పింది.

"ఈ తాడు నాను పట్టుకెళ్తాను. కోతయ్యేక సొప్ప కట్టుకోడానికి పనికొస్తాది."