ఏడాదికోసారి నన్ను విప్పుతారు

నేను ఒక విమానాన్ని. ఆ మాట వినగానే మీకు మెట్లు, చేతులు జోడించే అమ్మాయిలు, అట్టపెట్టెలో చల్లారిన ఇడ్లీ గుర్తొస్తాయేమో. నాలో అవేవీ లేవు. రెండు సీట్లు, ఒక ఇంజను, గుడ్డ కప్పిన రెక్కలు, అంతే నా ఆస్తి. ఒంగోలుకు తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, మూతపడ్డ పొగాకు గొడౌనులో పుట్టాను. నన్ను తయారుచేసింది ఏ కంపెనీ కాదు, ఒక మొగుడూ పెళ్లాం.

మొగుడు ఇమ్మానియేలు. వైమానిక దళంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఎవరెవరో ఎగిరే విమానాలకు బోల్టులు బిగించి, పింఛను మొదలయ్యాక తాను ఎగరడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. పెళ్లాం కరుణమ్మ ఊళ్లో జాకెట్లు కుడుతుంది. నా ఎముకలు ఆయనవి, నా చర్మం ఆమెది. రెక్కకు గుడ్డ కుట్టేటప్పుడు చెరో పక్కా కూర్చునేవారు. మూరెడు సూదిని ఇటు నుంచి ఆమె దూర్చేది, అటు నుంచి ఆయన అందుకుని తిరిగి పంపేవాడు. మైనం పట్టించిన ఆ దారం నా ఒంట్లోంచి వాళ్లిద్దరి మధ్యా తిరుగుతుంటే, పుట్టకముందే నాకు ఒళ్లు పులకరించింది.

గొడౌను వెనకున్న చవిటి నేల మీద మొదటిసారి పరుగెత్తిన రోజు సంగతి చెప్పమంటే నాకు ఇప్పటికీ మాట రాదు. చక్రాల కింద గతుకులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. సముద్రం లేచి నిలబడింది. ఇంత గుడ్డ, ఇంత గొట్టం, కాస్త పెట్రోలు... వీటితో ఇది సాధ్యమేనా అని నాకు నేనే నమ్మలేకపోయాను. పక్క సీటు మాత్రం ఖాళీ.

"ఏడాది పరీక్షలో దీన్ని పూర్తిగా విప్పి చూపించు. ఆ రోజు నేనూ పక్కనే ఉంటా. అంతా బాగుందంటే అప్పుడెక్కుతా," అంది కరుణమ్మ.

నాలాంటి వాళ్లకు ఏడాదికోసారి పరీక్ష. ఇంజనీరు వచ్చి తలుపులన్నీ తీయించి, లోపల దీపం పెట్టి చూసి, సంతకం చేస్తేనే మళ్లీ ఎగరాలి. గుండెల్లో మంట వస్తే గ్యాసని సోడా తాగి సరిపెట్టుకునే ఇమ్మానియేలు, నా పరీక్ష కోసం మాత్రం గూట్లో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టాడు. గంట ఎగిరితే ఇంత అని పింఛన్లోంచి తీసి అందులో వేసేవాడు. సగం ఇంజనీరు ఫీజుకు, సగం ఆయన ఏదైనా లోపం చూపిస్తే బాగుచేసుకోవడానికి.

ఏడాది దగ్గరపడే కొద్దీ ఆయనకు ఉబలాటం పెరిగింది. "అన్నీ నేనే బిగించాను, లోపం ఎక్కడుంటుంది?" అనుకున్నాడు. బాగుచేతకు పెట్టిన సగమూ తీసి పక్క సీటుకు మెత్తటి దిండూ, మెరూన్ రంగు తొడుగూ చేయించాడు. భార్య మొదటిసారి ఎక్కబోతోంది కదా! మనుషుల ప్రేమ ఇలాగే ఉంటుంది. కూర్చునే చోటు గురించి ఆలోచించినంతగా, మోసుకెళ్లే దాని గురించి ఆలోచించరు.

ఇంజనీరు పార్థసారథి గారు వచ్చారు. నన్ను విప్పారు. కడుపూ, రెక్కల కీళ్లూ, తోకా అన్నీ పరాయి మనిషి ముందు తెరిచి నిలబడ్డాను. సిగ్గేసింది, కానీ ఇంత శ్రద్ధగా మనుషులు తమ పిల్లల్ని కూడా చూస్తారో లేదో అని ఆశ్చర్యమూ వేసింది.

"అమ్మా, పాత నూలు గుడ్డ ఒకటుంటే ఇస్తారా?" అన్నారాయన.

కరుణమ్మ జాకెట్టు పీలిక ఒకటి ఇచ్చింది. ఆయన దాన్ని నా తోకను ఆడించే ఉక్కు తీగ చుట్టూ పట్టి మెల్లగా జరిపారు. తీగ తిరిగే కప్పీ దగ్గర గుడ్డ చిక్కుకుంది. తీగలో రెండు పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి. ఉప్పుగాలి పని అది.

"తీగా, కప్పీ మార్చందే సంతకం పెట్టలేనండి," అన్నారు పార్థసారథి గారు.

ఆయన ఫీజు తీసుకుని వెళ్లాక కరుణమ్మ డబ్బా మూత తీసి చూసింది. తర్వాత మెరూన్ సీటు వైపు చూసింది. "నా కోసం దిండు కొన్నావు, నన్ను మోసే తీగకు లేకుండా చేశావు. ఏందయ్యా ఇది?"

ఇమ్మానియేలు తలెత్తలేదు. "ఎగిరితే మళ్లా డబ్బా నిండుద్ది కరుణా."

"తీగ లేందే ఎట్టా ఎగురుతావు?"

ఎగిరితేనే డబ్బాలో డబ్బు పడేది, డబ్బుంటేనే ఎగరడం. నేను కదలకుండా గొడౌనులో పడి ఉన్నాను. ఇక నన్ను ముక్కలుగా అమ్మేస్తారేమోనని భయం పట్టుకుంది. ఒకరోజు ఆమె నా దగ్గరకొచ్చి, తీగ మీద వేలు పెట్టి రాసింది. వేలికి ఎర్రటి తుప్పు అంటింది.

"ఏమయ్యో, ఇటు చూడు. ఇది ఎగరకపోయినా తుప్పు పడతానే ఉంది. మరి డబ్బా ఎందుకు ఆగిపోవాలి? గంటల లెక్క మానెయ్. నెల తిరిగేసరికి వెయ్యి. నీ పింఛన్లో ఇంత, నా జాకెట్లలో ఇంత. ఎగిరినా సరే, ఎగరకపోయినా సరే."

వానలు వచ్చి వెళ్లాయి. కొత్త తీగ వచ్చింది, కొత్త కప్పీ వచ్చింది. పార్థసారథి గారు మళ్లీ వచ్చి నూలు గుడ్డ జరిపితే ఎక్కడా ఆగలేదు. సంతకం చేశారు.

కరుణమ్మ ఎక్కింది. నా రెండో సీటు బరువేమిటో అప్పుడు తెలిసింది. నేల వదలగానే ఇమ్మానియేలు చిన్నపిల్లాడిలా అరవసాగాడు. "అదుగో మన గొడౌను! అదుగో సముద్రం! కిందికి చూడు కరుణా!"

ఆమె కిందికి చూడలేదు. నా రెక్క వైపే చూస్తోంది, తాను వేసిన కుట్ల వైపు. గాలి ఎంత కొడుతున్నా గుడ్డ బిగువుగా ఉంది. "ఒక్క కుట్టు కదల్లేదయ్యా," అంది, కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. ఆకాశాన్ని చాలాసార్లు చూశాను. నన్ను అలా చూసిన మనిషిని మాత్రం అదే మొదటిసారి చూడటం. నా ఇంజను కంటే గట్టిగా నాలో ఏదో కొట్టుకుంది.

దిగగానే ఆమె తలకు కట్టిన గుడ్డయినా విప్పకుండా గూటి దగ్గరకు నడిచింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడేగా దిగావు, కాసేపు కూర్చోరాదూ? నెల తిరగడానికి ఇంకా టైముంది!" అన్నాడు ఇమ్మానియేలు.

"ఉంటే ఉండనీ," అంది కరుణమ్మ, నోటు మడిచి లోపల వేస్తూ. "వచ్చే ఏడాది నేను ఎక్కొద్దా ఏంది?"