నిప్పులక్క పీట

నేను చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే, తల దువ్వుకుంటూ అద్దంలోంచే అన్నాడు మా ఆయన. "ఇవాళ మీ లాండ్రీ బాయిలర్ బుసకొట్టదులే. నేను చూసుకున్నాను."

నా చెయ్యి ఆగింది. చలికాలం నుంచి అడుగుతున్నాను బాగుచేయించమని. అడిగినప్పుడల్లా "దాతలే జారిపోతుంటే నీకు బాయిలర్ గొడవొకటా" అనేవాడు. చివరికి చేయించాడన్నమాట. సంతోషపడ్డాను. ఆ సంతోషంలో సిగ్గులేకుండా చొక్కా చేతులు మళ్ళీ ఇంకోసారి ఇస్త్రీ చేశాను.

"ఎవరిని పిలిచారు?"

"ఎవరైతే నీకెందుకు? ఇవాళ వచ్చే సంస్థవాళ్ళ ముందు నోరు తెరవకు. మాట్లాడేది నేను. నువ్వు పక్కన నవ్వుతూ నిలబడు, చాలు."

లోపలి గదిలోంచి అత్తగారు అందుకున్నారు. "టీ కూడా తననే ఇవ్వమనరా. ఇంటి మనిషి ఇచ్చినట్టుంటుంది."

మామగారు పెట్టిన ట్రస్టు అది. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు, ఇంట్లోంచి గెంటేసినవాళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి బతికే లాండ్రీ. ఆయన అధ్యక్షుడు. నేను ఏమీ కాను. పొద్దున్నే తాళం తీసేది నేను, రక్తం మరకల మూటలు దించుకునేది నేను, పని ఇవ్వమని ఆసుపత్రుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగేది నేను. ఒకసారి జీతం మాటెత్తితే "ఇంట్లో వంట చేసి జీతమడుగుతావా?" అని నవ్వారు అత్తగారు. వంటకి కూడా జీతం అడగాల్సిందని అప్పట్లో తోచలేదు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులన్నీ ఉతికే పని పెద్ద కంపెనీలకు ఇచ్చేశాయి. ఏటా సాయం చేసేవాళ్ళు ఈసారికి వీలుకాదన్నారు. మిగిలింది ఇవాళ రాబోయే సంస్థ ఒక్కటే. వాళ్ళూ కాదంటే తాళమే. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో ఒక్కరికీ వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు. ఆ సంస్థవాళ్ళు పోయినసారి వచ్చినప్పుడు, ఆయన ఉపన్యాసం మధ్యలో బాయిలర్ బుస్సుమంది. వచ్చినావిడ ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఆయన మర్చిపోలేదు.

లాండ్రీ తలుపు దగ్గరే ఏదో తేడాగా అనిపించింది. యంత్రాలు తిరుగుతున్నాయి. ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తున్నాయి. ఎప్పుడూ వినిపించవు. ఆ బుస అడ్డం వచ్చేది.

బాయిలర్‌కి కట్టెలు వేసే పెద్దావిడను అందరం నిప్పులక్క అంటాం. తన ముక్కాలి పీట మీద, బాయిలర్‌కి వీపు ఆనించినంత దగ్గరగా కూర్చుని ఉంది.

"ఎంత హాయిగా ఉందోనమ్మా. నా చెవులకి సెలవిచ్చినట్టుంది."

"మెకానిక్ ఎప్పుడొచ్చాడు అక్కా?"

"మెకానిక్కా? నిన్న అయ్యగారే డ్రైవర్‌ని వెంటబెట్టుకొచ్చి నిచ్చెన ఎక్కించారు. అంతే, దీని నోరు మూతపడింది. నా మొగుడికి కూడా ఆ మందేదో అడగాల్సింది."

ఆవిడ నవ్వింది. నేను పైకి చూశాను. బాయిలర్ నెత్తిన ఒక మూత ఉంటుంది. లోపల ఆవిరి ఎక్కువైతే అదే లేచి బుసకొట్టి వదిలేస్తుంది. అది లేవకుండా కొత్త తీగ మెలిపెట్టి కట్టేసి ఉంది. కింద ఆవిరి ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు ఎర్రగీత దాటి నిలబడింది.

"ఆ ముల్లు..."

"అది చెడిపోయిందట. పట్టించుకోవద్దన్నారు అయ్యగారు."

బాయిలర్ లోపల ఎక్కడో చిన్నగా టక్కుమంది. కాసేపటికి మళ్ళీ.

"అక్కా, లే. కట్టె వెయ్యకు. అందరినీ బయటికి తీసుకెళ్ళు. పరిగెత్తించకు, నడిపించు."

నా మొహం చూసి ఆవిడ లేచి, అందరినీ బయటికి నడిపించింది. పొయ్యికి గాలి వెళ్ళే తలుపు మూశాను. ఇస్త్రీ బల్లలకు వెళ్ళే ఆవిరి కొళాయిలన్నీ తెరిచేశాను. గదంతా తెల్లబడింది. ఆ తెలుపులో ముల్లునే చూస్తూ నిలబడ్డాను. పొద్దున ఆ చొక్కా చేతులు నొక్కి నొక్కి ఇస్త్రీ చేయడం గుర్తొచ్చింది. ముల్లు కదలలేదు. చాలాసేపటికి, ఇష్టం లేనట్టు, ఎర్రగీతకు ఇవతలికి జారింది.

ఆవిరి విడుతుంటే గుమ్మంలో ఆయన కనిపించాడు. వెనకాల ఆ సంస్థవాళ్ళు. వాకిట్లో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఏంటిది? పనెందుకు ఆపావు?" వాళ్ళకి వినబడకూడదని పళ్ళబిగువున అన్నాడు. "రాజెయ్యి. పరువు తీస్తావా?"

"తీగ కట్టించింది మీరేగా?"

"ఒక్క పూటకి ఏం కాదు. చెప్పింది చెయ్యి."

పోయినసారి నవ్వినావిడ ముందుకొచ్చింది. "తీగ ఏంటండీ?"

"ఏం లేదు మేడమ్, ఈవిడకి ప్రతిదానికీ కంగారు."

నేను ఆవిడకు బాయిలర్ నెత్తిన ఉన్న తీగ చూపించాను. అది ఉంటే ఆవిరికి దారిలేక బాయిలర్ పేలిపోతుందని చెప్పాను. ఈ మాటతో లాండ్రీకి తాళం పడొచ్చని తెలుసు. అయినా పూర్తిగా చెప్పాను. వాకిట్లో నిప్పులక్క వీపు తడుముకుంది.

తర్వాత ఆయన వైపు తిరిగాను. నిప్పులక్క పీట తుడిచి, బాయిలర్ పక్కన అది ఎప్పుడూ ఉండేచోటే వేశాను.

"ఏం కాదన్నారుగా. రండి, కూర్చోండి. మీరు కూర్చోగానే రాజేస్తాను."

సంస్థ నుంచి వచ్చినావిడ ఆయన వైపు చూసింది. వాకిట్లో అందరూ చూశారు.

ఆయన గడప దాటలేదు.