వస్తానన్న మాట

మూలంలోని మాటను ఉన్నది ఉన్నట్లు చెప్పడమే అనువాదకుని ధర్మమని నలభై ఏళ్ళు బడిపిల్లలకు బోధించినవాణ్ణి నేను. పద్యాన్ని పదం పదంగా విడదీయించి, ఎదురుగా అర్థం రాయించి, ఒక్క అక్షరం జారినా మార్కులు కోసేవాణ్ణి. అందుచేత, పరభాషా దర్శకురాలొకామె మా ఊళ్ళో మూడు నెలలుండి తీసిన చిత్రానికి తెర అడుగున వేసే అక్షరాలు ఆమె భాషలో రాసిపెట్టమని ఫిల్మ్ సొసైటీవారు కోరినప్పుడు, రెండు భాషలూ వచ్చిన నాకు, పని తగినవానికే దక్కిందని లోలోపల సంతోషించాను.

కూర్పు ఇంకా కాలేదని బొమ్మ చూపలేదు. ఎవరి మాటో, ఎక్కడి మాటో తెలియని ముప్ఫై టైపు కాగితాలు పంపారు. ఇరవై ఏడవ కాగితంలో ఒక స్త్రీ మాట ఉంది: "వస్తానని చెప్పి వెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు." తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్ళాడనీ, ఇంకా రాలేదనీ ఆ భాషలోకి మార్చాను. గడప దాటే ప్రతివాడూ మనలో 'వస్తాను' అనే అంటాడు. 'పోతాను' అంటే పెద్దలు నోటిమీద వేలు వేయిస్తారు. అది నాకు తెలియక కాదు, ఆ క్షణాన తట్టలేదు. అంతకన్నా పెద్ద దోషం మరొకటుంది. 'ఇంకా' అన్న మాట ఆమెది కాదు. వాక్యం తూగు చాలలేదనిపించి నేను చేర్చినది. పాదం నిండడానికి చేతకాని కవి వేసే వ్యర్థపదం వంటిది.

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం, గ్రంథాలయం మేడమీద. కిటికీలకు నల్లగుడ్డలు, ఎనభై ప్లాస్టిక్ కుర్చీలు, వేదికమీద 'సంస్కృతుల నడుమ సంభాషణ' అని బ్యానరు. చిత్రం ముగిశాక దర్శకురాలితో చర్చ. ఆ మాటలు ఈ భాషలోకీ, ఈ మాటలు ఆ భాషలోకీ చేర్చవలసినది నేనే. కార్యదర్శి నా చేతికి మైకు ఇస్తూ, ఆమె రెండు ముక్కలు మాట్లాడితే రెండే చెప్పమనీ, వ్యాఖ్యానం ఇంటికి దాచుకోమనీ వేళాకోళమాడాడు.

చిత్రాన్ని నేనూ అప్పుడే చూశాను. కుట్టుమిషను ముందు ఒక స్త్రీ. పెదవుల మధ్య గుండుసూదులు. వాటిని తీసి పక్కన పెట్టి, తల ఎత్తకుండా ఆ రెండు వాక్యాలూ అన్నది. కింద నా అక్షరాలు తెల్లగా వెలిగాయి. తరువాత దర్శకురాలు మూసిన తలుపును రెండు నిమిషాలు చూపింది. ఆపైన చిత్రమంతా ఎదురుచూపే. ఆ తలుపు నా 'ఇంకా' మీద నిలబడి ఉన్నదని నాకు తెలిసిపోయింది. చుట్టూ జనం ముక్కులు తుడుచుకుంటున్నారు.

చర్చ మొదలైంది. ఇక్కడి స్త్రీల నిరీక్షణలో ఒక గాంభీర్యం ఉందనీ, తమ సమాజం దానిని మరచిపోయిందనీ దర్శకురాలు అన్నది. నేను చక్కని తెలుగులో చెప్పాను. ఒకాయన వెలుతురు గురించి, మరొకాయన నిశ్శబ్దం గురించి అడిగారు. అప్పుడు నాలుగవ వరుసలో తెరమీది స్త్రీయే లేచి నిలబడింది. పక్కన పదేళ్ళ కూతురు.

ఆమె నిదానంగానే చెప్పుకొచ్చింది. భర్త లిఫ్టు మెకానిక్కు. ఏడేళ్ళ కిందట ఒక ఉదయం వస్తానని పనిలోకి వెళ్ళాడు, తీగ తెగింది, కబురు అందేసరికి అంతా అయిపోయింది. పిల్లకు అప్పుడు మూడేళ్ళు. నాన్న దేవుడి దగ్గరికి వెళ్ళాడని చెప్పి పెంచింది. నెల కిందట చిత్రంలోని ఆ ముక్క అందరి ఫోన్లలోకీ వచ్చింది. పైకి పోయాడనుకున్నాం, పక్కకు పోయాడన్నమాట అని భర్తతో పనిచేసినవాళ్ళే నవ్వారట. అది ఓర్చుకున్నది. దర్శకురాలి భాష బడిలో నేర్చుకుంటున్న కూతురు కింది అక్షరాలు చదివింది. నాటి నుంచి తండ్రి చొక్కాలు ఎండలో వేస్తున్నది. నాన్న కొలతలు మారి ఉంటాయా అని తల్లిని అడుగుతున్నది.

"నేను చెప్తే వినట్లేదు మాస్టారూ. 'అక్కడ రాసుందిగా' అంటోంది. రాయించినావిడే చెప్పాలి." ఆమె కూతురి భుజంమీద చెయ్యి వేసింది. "మా ఆయన చనిపోయారు. ఇన్నేళ్ళలో ఆ మాట నా నోటితో అనలేదు. ఇవాళ దీని ముందు అంటున్నాను. నేనన్నది అన్నట్టే ఆవిడకి చెప్పి, ఆవిడ చేత కూడా చెప్పించండి."

పిల్ల తల్లి వంక చూడలేదు. నా వంక చూస్తున్నది.

నేను చెప్పవలసినది రెండే వాక్యాలు. ఆయన మరణించాడు. తప్పు నేను రాశాను. దర్శకురాలు తల కాస్త వంచి, చిరునవ్వుతో ఎదురుచూస్తున్నది. ముందు వరుసలో నా పూర్వ విద్యార్థులు ముగ్గురున్నారు. నిండు సభలో చావు మాట పరుషమనీ, అతిథి మనసు నొప్పించరాదనీ, సత్యాన్నైనా మృదువుగానే పలకాలనీ చదివినవన్నీ వరుసగా నాకు అండగా వచ్చి నిలిచాయి. పిరికివానికి శాస్త్రం దొరకని రోజుండదు. ఆమె భర్త ఇప్పుడు ఆమె చెంత లేడనీ, ఆమె ఆయన తలపులతోనే జీవిస్తున్నదనీ, ఆ తలపును తెరకెక్కించినందుకు కృతజ్ఞతలు చెబుతున్నదనీ ఆ భాషలో, ఎక్కడా తడబడకుండా పలికాను.

దర్శకురాలు గుండెమీద చెయ్యి వేసుకున్నది. కళ్ళు చెమర్చాయి. ముందుగా ఆమే చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి సభ అంతా కొట్టింది. చావు కబురుకు చప్పట్లెందుకో అర్థంగాక కుట్టుపనిచేసే ఆ స్త్రీ అటూ ఇటూ చూసి, మెల్లగా కూర్చున్నది.

సభ ముగిసింది. జనం దర్శకురాలితో ఫోటోలకు చేరారు. నేను వెనుక మెట్లవైపు నడుస్తుండగా పిల్ల పరుగున వచ్చి అడ్డంగా నిలబడింది. వెనకే తల్లి.

"తాతయ్యా, అమ్మేమో నాన్న చనిపోయాడంది. మీరు అలా చెప్పలేదు. నాకా భాష వచ్చు."

తల్లి మొగం చూశాను. ఆమెకు ఆ క్షణానే తెలిసింది.

"అమ్మ చెప్పిందే నిజం తల్లీ. తెరమీద రాసింది నేనే. తప్పు రాశాను. ఇందాక తప్పే చెప్పాను" అన్నాను. ఒక మనిషి ముందు ఒప్పుకోవడానికి నాకు మైకు అక్కర్లేకపోయింది.

పిల్ల ముఖంలో కోపం లేదు. ఎక్కువ తక్కువలు సరిచూసుకునే శ్రద్ధ ఉంది.

"అందరి ముందు చెప్పింది తప్పా? ఎవరూ లేనప్పుడు చెప్పేది తప్పా?"

ఇప్పుడు చెప్పినదే నిజమన్నాను. ఒట్టు పెట్టుకోబోయాను. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంక చాలు మాస్టారూ. మీరు కాదన్న కొద్దీ అది అవుననుకుంటుంది."

పిల్ల తల్లి వేలు పట్టుకుని మెట్లు దిగింది. దిగుతూ నాన్న చొక్కాల గురించి ఏదో అడుగుతున్నది, ఉత్సాహంగా. తల్లి మెట్లు చూసుకుంటూ దిగుతున్నది. పైనుంచి కార్యదర్శి, రెండో ఆటకు జనం వస్తున్నారనీ, చర్చకు మళ్ళీ మీరే కావాలనీ నన్ను పిలిచాడు.