వెనుక ఖాళీ ఉండాలె

తెల్లవారగానే నరేందర్ చేసే మొదటి పని తన పికప్ బండి టైర్లను కాలితో తన్ని చూడడం. రెండో పని, కాలు తగిలినందుకు బానెట్‌ను తాకి కళ్లకు అద్దుకోవడం. ఆ తర్వాత స్టీరింగ్ ముందున్న అమ్మవారి బొమ్మకు ఊదుబత్తి వెలిగించి, మాణికేశ్వర్ నగర్ ఇరుకు గల్లీలోంచి బండిని రివర్సులో బయటికి తీస్తాడు. మార్కెట్‌లో కూరగాయలు నింపుకొని యూనివర్సిటీ హాస్టళ్ల మెస్సులకు చేరవేస్తాడు. పని అయ్యాక తార్నాకలో ఒక చాయ్. ఏడాది పొడుగునా ఇంతే. దసరా సాయంత్రం మాత్రం ఆ బండి వంకాయలు మోయదు, గల్లీ దుర్గమ్మను చెరువు దాకా మోస్తుంది. అందుకే నరేందర్ దాన్ని ఊరికే బండి అనడు, అమ్మ బండి అంటాడు.

అమ్మను మోసేవాడికి అసూయ పుట్టవచ్చునా? పుట్టకూడదు. కానీ పుట్టింది. మనిషి కదా, మరి మీరూ నేనూ ఏం తక్కువ తిన్నాం?

ఎదురింట్లోకి ముఖేష్ అనే పిల్లగాడు భార్య భూమికతో అద్దెకు దిగాడు. అతనికీ ఒక పికప్ ఉంది, పాతది. అతనిదీ హాస్టళ్ల కిరాయే. కానీ అతని చేతిలో ఒక విద్య ఉంది. సెలవుల్లో క్యాంపస్ లోపలి రోడ్డు ఖాళీ అయినప్పుడు, ముందు చక్రాలకు రెండు రాళ్లు అడ్డం పెట్టేవాడు. వెనుక చక్రాల కింద బకెట్ నీళ్లు కుమ్మరించేవాడు. ఎక్కి, ఇంజన్ గర్జించేదాకా రేస్ ఇచ్చి, క్లచ్ ఒక్కసారిగా వదిలేవాడు. బండి ఉన్నచోటనే ఉండేది, వెనుక టైర్లు మాత్రం గిర్రున తిరిగి, నీళ్లు ఆవిరై, తెల్లటి పొగ చెట్ల కొమ్మలదాకా లేచేది. భూమిక ఫోనులో తీసేది. గల్లీ పోరగాళ్లు ఈలలు వేసేవాళ్లు.

నవరాత్రులకు ముందు ఆ పోరగాళ్లే గల్లీ ఉత్సవ కమిటీ పెద్ద రాజలింగం దగ్గరికి పోయారు.

"తాతా, ఈసారి అమ్మ ముఖేషన్న బండి మీద పోవాలె. పొగల నడుమ పోతుంటే ఎట్లుంటది చెప్పు!"

ఆ మాట చెవిన పడిన సాయంత్రం నరేందర్ కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి.

అతని భార్య నవనీత వంటింట్లోంచే అడిగింది, "ఎవరి మీద?"

"ఏంది ఎవరి మీద?"

"ఉత్తగనే ఇరుగుతదా కుర్చీ? ఎవరి మీద కుళ్లుతున్నవని అడుగుతున్న."

ఆ గల్లీలో ఇది కొత్త కాదు. అసూయకు అక్కడ బరువుంటుంది. తమ్ముడు ఇంటి మీద ఇల్లు కట్టినప్పుడు రాజలింగం అంతటివాడే పచ్చి సిమెంటు మీద కాదు, ఆరిన సిమెంటు మీద నడిచి చీలమండదాకా దిగబడ్డాడు. ఆ అడుగులు ఇప్పటికీ ఉన్నాయి, వాన పడితే పిచ్చుకలు వాటిలో నీళ్లు తాగుతాయి. జలుబు చేస్తే మిరియాల కషాయం, అసూయ పడితే చాప మీద పడక. నవనీత ఆ రాత్రే మంచం గోడకు చేర్చి చాప పరిచింది.

చిత్రమేమిటంటే, నరేందర్ స్టీరింగ్ దగ్గర కూర్చున్నా ఆ బరువు అతనితో కూర్చోలేదు. పోయి వెనుక ఖాళీ బాడీలో కూర్చుంది. అసూయ గుణమే అది, ముందు కూర్చోదు, ఎప్పుడూ మనిషి వెనకే. బండి ముక్కు పైకి లేచింది. బరువు మోసే వంపు ఇనుప పట్టీలు, వెనుక కమాన్లు, చదునైపోయాయి.

ముఖేష్‌లా పొగ లేపాలని నరేందర్ వెనుక రెండు టైర్లూ కొత్తవి వేయించాడు. అవి వేసిన యోహాను తార్నాకలో మెకానిక్కు, నోరు ఊరుకోనివాడు.

"టైర్లు జారాలని కొత్తయి ఏపిచ్చుకున్నోన్ని నిన్నే చూసిన అన్నా. కొత్తయి రోడ్డును గట్టిగ పట్టుకుంటయి. ముఖేష్‌వి చూసినవా? అరిగి అరిగి గుండు లెక్కయినయి."

"మరి ముందే చెప్పకపోయినవా?"

"అడిగితివా? గంత ఎందుకు, టైర్లేవయినా ఎనుక ఖాళీ ఉండాలె. గప్పుడే తిరుగుతయి."

"ఖాళీనే ఉన్నది గదనే!"

యోహాను వంగి కమాన్లు చూశాడు. "ఇది ఖాళీనా? టన్ను ఉన్నది. మా చర్చిల అయితే పాస్టర్ గారి ముంగట ఒప్పుకుంటే కొంచెం దిగుతది. మీ తాన ఎట్లనో నాకు తెల్వది."

"నాకు ఎవరి మీద ఏం లేదు."

కమాన్లు కిర్రుమన్నాయి. యోహాను నవ్వు దాచుకోవడానికి టైరు చాటుకు పోయాడు.

దసరా పొద్దున వాహన పూజకు రెండు బండ్లనూ క్యాంపస్ రోడ్డు మీద పెట్టారు. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. రాజలింగం కర్ర తాటించి చెప్పాడు:

"తగువులొద్దు. నిమ్మకాయ మీద ఎవని ఎనుక చక్రం తిరిగి పొగ లేస్తే, అమ్మ ఆని బండే ఎక్కుతది."

నరేందర్ మొదలుపెట్టాడు. రాళ్లు పెట్టాడు, నీళ్లు పోశాడు, అమ్మకు దండం పెట్టాడు, రేస్ ఇచ్చి క్లచ్ వదిలాడు. నిమ్మకాయలు చితికాయి. చక్రాలు కదలలేదు. మళ్లీ. మళ్లీ. మూలిగి మూలిగి బండి కిందినుంచి చివరికి పొగ లేచింది, కానీ అది టైర్ల పొగ కాదు. మాడిన వాసన వచ్చింది.

"క్లచ్ ప్లేటు పాయె," అన్నాడు యోహాను, టోపీ తీసి.

"అన్నా, నిమ్మకాయ పులిహోర అయింది!" అని ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. నవనీత మాత్రం నవ్వలేదు, హారతి పళ్లెం కొంగుతో కప్పుకుంది. బండి దిగిన నరేందర్ పాదాల కింద తారు మెత్తటి పిండిలా నొక్కుకుపోయింది.

తర్వాత ముఖేష్ ఎక్కాడు. క్లచ్ వదిలాడో లేదో పొగ లేచింది. నిమ్మకాయల వాసన, రబ్బరు వాసన, ఈలలు, డప్పులు. భూమిక ఫోను పట్టుకొని బండి పక్కన ఒక పెద్ద బండరాయికి ఆనుకొని నిలబడింది, మొగుడి ఘనత దగ్గరనుంచి తీద్దామని.

ముందు చక్రం కింది రాయి ఒకటి జారింది.

ఒక పక్క విడిపోయేసరికి బండి తోక తిరగడం మొదలైంది. తిరుగుతున్న టైర్లు దేన్నీ పట్టుకోవు కదా! తోక అట్లా అట్లా భూమిక వైపు జరుగుతోంది. వెనుక బండరాయి, ముందు బండి. పొగలో ముఖేష్‌కు ఏమీ కనబడలేదు. అరుపులను అతడు మెచ్చుకోలు అనుకున్నాడు, ఇంకాస్త రేస్ ఇచ్చాడు.

నరేందర్ పరుగెత్తాడు. అడుగడుగునా రోడ్డు గుంటలు పడింది. దూకలేదు, అంత బరువున్నవాడు ఎట్లా దూకుతాడు? ముఖేష్ బండి వెనుక తలుపు రెండు చేతులా పట్టుకొని, దాని మీద నుంచి బాడీలోకి పడ్డాడంతే.

ఆ క్షణంలో అతని అసూయ పోయిందని మీరు అనుకుంటారేమో. పోలేదు. పోయి ఉంటే ఆ బండి ఆగేదే కాదు. ఎదుటివాడి పొగ, ఎదుటివాడి ఈలలు, ఎదుటివాడి బండెక్కబోయే అమ్మ, అంతా కూడగట్టుకున్న బరువు ఒక్కసారిగా వెనుక చక్రాల మీద పడింది. అరిగిన టైర్లు రోడ్డును కరిచాయి. బండి ఒక్క ఉలుకు ఉలికి, ఇంజన్ ఆగిపోయింది. బండికీ భూమిక చీర కుచ్చిళ్లకూ నడుమ ఒక్క బంతిపువ్వు నలిగింది.

డప్పులు ఆగాయి. నవనీత పోయి భూమికను పట్టుకుంది. ముఖేష్ దిగి చూశాడు, చూసి రోడ్డు మీదే కూలబడ్డాడు.

"అన్నా... నాకు అగుపడలే అన్నా..."

రాజలింగం గొంతు సవరించుకున్నాడు. "నరేందర్, అమ్మ నీదే. ఎవడన్న కాదంటే నన్ను అడగమను."

ఇన్ని రోజులు ఎదురుచూసిన మాట వచ్చింది. కానీ ఏం లాభం? అమ్మ బండి క్లచ్ మాడి, కదలకుండా పడి ఉంది. పండుగ పూట సామాను దుకాణాలన్నీ బంద్. చెరువుకు పోయే బండి ఒక్కటే మిగిలింది.

ముఖేష్ తన బండి తాళంచెవులు నరేందర్ ముందు పెట్టాడు. "నువ్వే నడుపు అన్నా. ఇయ్యాల నాతోని కాదు."

నరేందర్ తాళంచెవుల కోసం చెయ్యి చాపబోయి ఆగాడు. తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. నవనీత కూడా ఏమీ అనదు.

"నీ బండి నువ్వే నడుపు," అన్నాడు చివరికి, మొహం పక్కకు తిప్పుకొని. "నేను ఎనుక కూసుంట. తొవ్వంత నీళ్లు చల్లిండ్రు. నా బరువుంటే నీ గుండు టైర్లు జారయి."

సాయంత్రం అమ్మ ముఖేష్ బండి ఎక్కింది. ఆమె పాదాల దగ్గర, గుమ్మడికాయల నడుమ నరేందర్ కూర్చున్నాడు. బండి వెనక్కి వంగి, ముక్కెత్తి నడిచింది. ఎవరూ వింతగా చూడలేదు.

ఇన్నేళ్లూ అమ్మను మోసినవాడు ఊరేగింపులో అమ్మను చూసిందే లేదండీ. ముందు రోడ్డు, అద్దంలో ఆమె వీపుకు కట్టిన కర్రలు, గోనెపట్టా, అంతే. ఈ సాయంత్రం తల ఎత్తితే చాలు, ముఖమే. తార్నాక దీపాలు ఒక్కొక్కటే ఆమె ముక్కుపుడక మీద వెలిగి జారిపోతున్నాయి. బస్టాపులో నిలబడ్డ ముసలమ్మను చూసినట్టే, మోటారు సైకిలు మీది పిల్లవాణ్ని చూసినట్టే ఆమె నరేందర్‌నూ చూస్తోంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అతను రెప్ప వేయడం మరిచిపోయాడు.

చెరువు దగ్గరి దిగుడులో ముఖేష్‌కు స్టీరింగ్ చేతిలో తేడా తెలిసింది. వెనుక కమాన్లు ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా పైకి లేచాయి. ముక్కు దిగి బండి చదునైంది. అతను బ్రేకు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా! దిగిపోయినవా ఏంది?"

అంతదాకా నరేందర్ ముఖేష్‌ను ఒక్కసారీ వరుసతో పిలవలేదు.

"ఈడనే ఉన్న తమ్మీ," అన్నాడు. "మెల్లగ పోనియ్."