ఈ పూటకి ఆగు

బస్సు కదిలేసరికి కామేశ్వరి మూడో మెసేజి కొడుతోంది. కుడిచేతి బొటనవేలు ఒక్కటే మెల్లగా బటన్లు నొక్కుతోంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: "ఈ పూటకి ఆగు." బండారులంకలో ఎక్కి అమలాపురంలో దిగేలోగా ఎనిమిదిమంది కుర్రాళ్లకీ అది చేరిపోవాలి. పొద్దున్న కాఫీ తాగగానే వాళ్లకి సిగరెట్టు గుర్తొచ్చే వేళ అదే.

ఆమెకి యాభై ఆరేళ్లు. సన్నటి మనిషి. నెరిసిన జుట్టుని బిగించి ముడివేసుకుంటుంది. నడుస్తున్నప్పుడు ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. ఊపిరితిత్తుల డాక్టరు ఉపేంద్రగారి దగ్గర పదకొండేళ్లుగా చీటీలు రాస్తోంది. కిందటేడు, అంటే రెండువేల ఆరులో, ఆయన ఓ సెల్‌ఫోను ఆమె చేతిలో పెట్టారు.

"సిగరెట్లు మానుతున్న కుర్రాళ్లని, కోరిక పుట్టినప్పుడు మిస్డ్ కాల్ ఇమ్మని చెప్పేనండీ. మీరు తిరిగి చెయ్యండి. మూడు నిమిషాలు మాట్లాడిస్తే చాలు, అదే సద్దుమణుగుతుంది."

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదైనా సరే. నీతులు మాత్రం వద్దండి."

అలా మొదలయింది. బస్సులో మెసేజీలు పంపిన ఆవేళ, మధ్యాహ్నంలోగా ఐదు మిస్డ్ కాల్స్ వచ్చాయి. కామేశ్వరి ఒక చేత్తో చీటీ రాస్తూ, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని అడుగుతూనే ఉంది. ఒకణ్ణి వాళ్ల గేదె ఈనిందా అని అడిగింది. పి.గన్నవరం నుంచి చేసిన విజయకుమార్‌ని అక్కడ వాన పడిందా అని అడిగింది. అతను మస్కట్ వెళ్లడానికి వైద్యపరీక్షకి సిద్ధమవుతున్నాడు. వాన సంగతి చెబుతూ చెబుతూ, "తగ్గిందండీ, ఉంటానండీ" అని పెట్టేశాడు.

ఆమె భర్త శరభయ్య రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాడు. ఇరవైయేడేళ్లు విడవకుండా సిగరెట్లు కాల్చాడు. అగ్గిపెట్టె కనిపించకపోతే ఆమే వెతికి ఇచ్చేది. ఆయన కోపిష్టి. ఆమె ఒక్కసారి కూడా "మానండి" అనలేదు. పోయేముందు చివరి నెలలో ఆయనే, ఆయాసంతో రొప్పుతూ, "నువ్వైనా చెప్పలేదేమే" అన్నాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ మాట అలాగే ఉండిపోయింది. ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఆవేళ మూడింటికి ఆమెకి ఎడమ రెక్క కింద పట్టేసినట్టయింది. డాక్టరుగారి గది ముందు పదిహేనుమంది కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు తనేమిటని ఊరుకుంది. మంచినీళ్లు తాగి, తర్వాతి పేరు పిలిచింది.

ఇంటికి చేరేసరికి ఐదున్నర. కాళ్లు కడుక్కుని వంటింట్లో కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. అంతలో ఫోను ఒకసారి మోగి ఆగింది. సాలమోను.

అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే కుర్రాడతను. ఇరవైమూడేళ్లు. క్షయకి మందులు మింగి గట్టెక్కాడు. సిగరెట్టు మానకపోతే ఈసారి తన చేతుల్లో ఉండదని డాక్టరుగారు వాళ్లమ్మ మేరీ ముందే చెప్పారు. మానేసి ఇరవైరెండు రోజులయింది.

కామేశ్వరి తిరిగి చేసి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూర తరగడం మొదలెట్టింది. "ఏం నాయనా?"

"కొనేసేనండీ. చేతిలోనే ఉందండి. పొద్దున్నుంచీ మేస్త్రీ ఒకటే తిట్లండి."

"వెలిగించేవా?"

"ఇంకా లేదండీ."

"అయితే మాట్లాడు. ఇవాళ ఎన్ని కాయలు ఒలిచేవు?"

"నా సంగతి వద్దండీ అమ్మగారూ. రోజూ మమ్మల్నే అడుగుతారు. మీరు చెప్పండి. ఇవాళ మీరేం కూర చేసుకుంటున్నారండీ?"

ఆమె చెయ్యి ఆగింది. ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. నవ్వొచ్చింది.

"అరటికాయ, ఆవపెట్టి."

"అదెలాగండీ?"

"ముక్కలు తరిగి పసుపేసి ఉడకబెట్టాలి. మరీ మెత్తగా కాకూడదు. చింతపండు రసం కొంచెం. తరవాత పోపు... ఇంగువ మరిచిపోకూడదు..."

"ఆయ్."

"దింపేక, బాగా చల్లారేక, అప్పుడు నూరిన ఆవ..."

అక్కడ ఆగింది. ఏదో నేలకి తగిలిన చప్పుడు ఫోన్లో వినిపించింది.

సాలమోను వేచి ఉన్నాడు. గొంతు తడుపుకోవడానికి లేచారనుకున్నాడు. "అమ్మగారండీ? ఆవ కలిపేకండీ?" అన్నాడు. మళ్లీ పిలిచాడు. మూడు నిమిషాలు దాటిపోయాయి. ఫోను చెవి దగ్గర నుంచి తియ్యకుండానే కిళ్లీ కొట్టువాడి సైకిలు అడిగి తీసుకున్నాడు. చేతిలోని సిగరెట్టు ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియలేదు.

ఆవిడది బండారులంక అని ఆస్పత్రిలో విన్నాడు. అక్కడ ఇల్లు అడిగి తెలుసుకుని చేరేసరికి ఇంకా వెలుతురుంది. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లడానికి జంకి గుమ్మంలోనే నిలబడి కేకేశాడు. పక్కింటి హేమ మగ్గం మీంచి లేచి వచ్చింది. లోపలికి వెళ్లి, వెంటనే బయటికొచ్చింది.

"ఊపిరి లేదు... ఎవరు బాబూ నువ్వు? ఆవిడకేమవుతావు?"

అతను చేతిలోని ఫోను చూపించాడు. "ఆవిడ... నాతో మాట్లాడుతున్నారండీ" అన్నాడు.

జనం చేరారు. ఎవరో డాక్టరుగారికి కబురు పంపారు. కామేశ్వరిని సావిట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. సాలమోను గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. అక్కణ్ణుంచి వంటిల్లు కనబడుతోంది. కత్తిపీట పక్కన నీళ్లగిన్నెలో నాలుగు ముక్కలు, గిన్నె బయట సగం తరిగిన అరటికాయ. కోసిన చోట అది అప్పటికే నల్లబడింది.